నిప్పు కనిపించుట లేదు

జీపు వచ్చిన రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీరు: పొయ్యి దగ్గర అమ్మ నీలమ్మ, నట్టింట్లో నులకమంచం మీద మామ్మ తవిటమ్మ, గడప మీద కూర్చుని పొగాకు ఆకు సాపు చేసుకుంటున్న పక్కింటి అసిరమ్మ, మంచం కింద గంపలో గుడ్లు పొదుగుతున్న కోడి, బియ్యం డబ్బా వెనక ఢిల్లేశ్వరి. నాన్న సముద్రం మీద ఉన్నాడు కాబట్టి లెక్కలోకి రాడు.

ఢిల్లేశ్వరి డబ్బా వెనక ఉండటానికి ప్రత్యేకమైన కారణం ఏమీ లేదు. కొత్త మనిషి గొంతు వినిపిస్తే ఆ పిల్ల కాళ్ళు వాటంతటవే అటు నడుస్తాయి. పదో తరగతికి వచ్చినా బళ్ళో హాజరు పలికేటప్పుడు ఆమె గొంతు రెండో బెంచీ దాటదు. మేష్టారు రోజూ ఆబ్సెంటు వేసి, తరవాత ఆమె మొహం చూసి దాన్ని కొట్టేస్తుంటాడు. చెప్పాల్సినవన్నీ ఆ పిల్ల పాత నోటు పుస్తకంలో రాసుకుంటుంది. ఈమధ్య అందులో రాస్తున్నదంతా మామ్మ గురించే. మామ్మ చుట్ట మానేసి ఆ రోజుకి పందొమ్మిది రోజులు.

ఆ తీరంలో ఆడవాళ్ళు చుట్ట తాగే పద్ధతి వేరు. నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని, నిప్పు లేని కొసని బయటకి వదులుతారు. అడ్డపొగ అంటారు దాన్ని. కొత్తవాళ్ళు చూసి హడలిపోతారు కానీ దాని సుఖం దానికుంది. వానలో వంగి నాట్లు వేస్తున్నా నిప్పు ఆరదు. సముద్రపు గాలికి నుసి కళ్ళలో పడదు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, మామగారు ఎదురైనప్పుడు పెదాలు బిగిస్తే చాలు, అంత మర్యాద తెలిసిన కోడలు జిల్లాలో ఉండదు.

తవిటమ్మ పన్నెండో ఏట మొదలుపెట్టింది. అరవై ఆరో ఏట అంగిట్లో రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ కనిపించింది. టెక్కలిలో పళ్ళ డాక్టరు దీపం పెట్టి చూసి, "చుట్ట ఈరోజే మానెయ్యి. నెల తిరక్కుండా పట్నం పెద్దాసుపత్రిలో చూపించు. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు. మంచిదో చెడ్డదో అప్పుడే తెలుస్తుంది," అన్నాడు. మామ్మ బయటకి వచ్చి, నడుముకి దోపుకున్న చుట్టల కట్ట తీసి, బస్సు కింద పడేసి, అది నలిగిందో లేదో వంగి చూసి మరీ బస్సెక్కింది.

ఆ తరవాత సంగతులు ఢిల్లేశ్వరి పుస్తకంలో ఉన్నాయి. రెండో రోజు మామ్మ వాకిలి మూడుసార్లు ఊడ్చింది. నాలుగో రోజు వాకిలి లోతు పెరిగింది. ఐదో రోజు నుంచి కోడితో మాట్లాడటం మానేసింది. ఏడో రోజు నుంచి దేవుడితో కూడా. తొమ్మిదో రోజు, కడిగిన గిన్నెలు కడుగుతూ, "నోట్లో పొయ్యి ఆరిపోయినట్టున్నాదే గుంటా. నాలిక తడుముకుంతన్నాది," అని కూర్చుని ఏడ్చింది. అప్పటినుంచి వేయించిన చింతపిక్కలు వేడివేడిగా బుగ్గన పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. చింతపిక్క నమలడానికి కాదు, నాలుకని పనిలో పెట్టడానికి.

ఆ పందొమ్మిదో రోజునే వాకిట్లో జీపు ఆగింది.

దిగినాయన పేరు చక్రధరరావు. 'నిర్ధూమ పల్లె' అనే పథకానికి మండల సమన్వయకర్త. వెనకాల ఫోను పట్టుకుని దమయంతి అనే సర్వే అమ్మాయి. చక్రధరరావు జన్మలో బీడీ కూడా ముట్టలేదు. అందువల్ల పొగాకు మీద ఆయనకి చాలా గౌరవం.

"అమ్మా, తమరు ప్రస్తుతం ధూమపానులేనా?" అన్నాడు మంచం ముందు నిలబడి.

మామ్మ చింతపిక్కని బుగ్గలోకి తోసింది. "ఒగ్గీసినాను బాబూ. పందొమ్మిది రోజులయింది," అంది. ఆ మాట పైకి చెప్పడం అదే మొదటిసారి. మొహం వెలిగిపోయింది.

చక్రధరరావు మొహం మాత్రం ఆరిపోయింది. "ఎవరి అనుమతితో?" అన్నాడు.

"ఏటి?"

"విరమణకు మీకు అనుమతి ఇచ్చినది ఎవరు? నమోదు కాకుండా, ముందస్తు కౌన్సెలింగ్ లేకుండా, విరమణ తేదీ ఖరారు కాకుండా ఎవరికి వారు మానేసుకుంటూ పోతే ఇక ప్రభుత్వం దేనికి? దీన్ని అనధికార విరమణ అంటాం. ఇటువంటివారి మూలంగానే లక్ష్యసాధన కుంటుపడుతోంది."

"తప్పయిపోనాది బాబూ," అంది మామ్మ. అలవాటు కొద్దీ అంది.

దమయంతికి కొంచెం జాలి వేసినట్టుంది. వివరం చెప్పింది. పథకంలో నమోదైన ధూమపానులకి కార్డు ఇస్తారు. కార్డు ఉన్నవాళ్ళని వచ్చే నెల పదిహేనో తారీకున వ్యాన్‌లో పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్తారు. నోరు చూస్తారు, ముక్క తీస్తారు, పరీక్ష చేస్తారు, మళ్ళీ ఇంటి దగ్గర దింపుతారు. అన్నీ ఉచితం.

పొయ్యి దగ్గర నీలమ్మ గరిటె ఆగింది. పట్నం పరీక్ష సొంతంగా అయ్యే పని కాదని, ఈ ఏటి వేట చూసి వచ్చే ఏడు ఆలోచిద్దామని భర్త చెప్పి వెళ్ళి వారం కూడా కాలేదు.

"మరి మా అత్తకి మచ్చున్నాది కదమ్మా. కార్డు ఇచ్చీండి," అంది.

"మచ్చ ఉంటే ఆవిడ ధూమపాని అయి ఉండాలి," అన్నాడు చక్రధరరావు. "ధూమపాని అయితే నమోదు కావాలి. నమోదు కావాలంటే ధూమపానం చేస్తూ ఉండాలి. నిబంధనలు చాలా స్పష్టంగా ఉన్నాయి."

ఆ స్పష్టత ఎలా ఉంటుందో చూపించడానికి ఆయన గడప మీద అసిరమ్మని ఎంచుకున్నాడు. అసిరమ్మ సంతోషంగా చుట్ట వెలిగించి, నాలుగు దమ్ములు లాగి నిప్పు కుదురుకున్నాక, కొస తిప్పి నోట్లో పెట్టుకుంది. దమయంతి ఫోను ఎత్తింది. ఫోనులో 'ధూమదర్శిని' అనే యాప్ ఉంది. అది ఫొటో చూసి, మనిషి ధూమపాని అవునో కాదో తేల్చి, ఒక ఆడగొంతుతో పైకి చెబుతుంది.

"నిప్పు కనిపించుట లేదు," అంది ఆ గొంతు. "సదరు వ్యక్తి ధూమపాని కాదు. అభినందనలు." తెర మీద పువ్వులు రాలాయి.

అసిరమ్మ ముక్కులోంచి రెండు పాయలుగా పొగ వదులుతూ, "ఏటంతన్నాదే అదీ?" అంది.

"నువ్వు సుట్ట తాగవంట," అంది నీలమ్మ.

"ఓలమ్మో! మరి నలబై ఏళ్ళ కాడినుంచి నాను తాగుతున్నదేటి, పాలా?"

చక్రధరరావు సంచిలోంచి ఉత్తర్వు తీసి చదివాడు. ధూమపానం అనగా, పొగాకు చుట్టబడిన వస్తువు యొక్క ఒక కొన నోటియందును, మండుచున్న రెండవ కొన బహిరంగ వాతావరణమందును ఉండగా పీల్చబడు క్రియ. ఉత్తర్వు రాసినాయన ఆ తీరానికి ఎప్పుడూ రాలేదన్న సంగతి అక్షరం అక్షరంలోనూ తెలుస్తూనే ఉంది. అయినా ఉత్తర్వు ఉత్తర్వే. ఊరంతా తిరిగి సాయంత్రానికి యాభై ఎనిమిది మంది ఆడవాళ్ళ ఫొటోలు తీశారు. అందరికీ పువ్వులు రాలాయి.

నిర్ధూమ పల్లె లక్ష్యం ఊరికి యాభై మంది. చక్రధరరావు లెక్క చూసుకుని అరుగు మీద కూలబడ్డాడు. ధూమపానులే లేని ఊరిని ఆయన నిర్ధూమం చేసేదెలా? పైవాళ్ళకి రాశాడు. ఆరు రోజుల్లో జవాబు వచ్చింది. అంత త్వరగా ఆ ఆఫీసు నుంచి చావు కబురు కూడా రాదు. సదరు మహిళలు ధూమపానమును తప్పు పద్ధతిలో ఆచరించుచున్నట్లు తెలియవచ్చినందున, మొదట వారికి సరైన పద్ధతిలో తర్ఫీదునిచ్చి, తదుపరి నమోదు చేసి, ఆ పిమ్మట విరమింపజేయవలెను.

అలా ఢిల్లేశ్వరి చదివే పదో తరగతి గదిలో మూడు రోజుల శిక్షణ మొదలైంది. పిల్లలకి సెలవు ఇచ్చారు. బడి గోడ మీద 'ఈ ఆవరణలో పొగ త్రాగరాదు' అన్న అక్షరాలు ఉన్నాయి. వాటి మీద సరిగ్గా సరిపోయే బ్యానరు కట్టారు. 'సక్రమ ధూమపాన సామర్థ్య నిర్మాణ శిబిరం' అని. కార్డు కావాలంటే మామ్మకి కూడా హాజరు తప్పనిసరి, ఎందుకంటే హాజరు లేనివాళ్ళ నమోదు జరగదు. మామ్మకి రాయడం రాదు కాబట్టి ఢిల్లేశ్వరి వెంట వెళ్ళింది.

విషయ నిపుణుడిగా ఊళ్ళోనే ఉన్న రిటైరైన బస్సు డ్రైవరు ఎర్రన్నని పిలిచారు. ఎర్రన్న ముప్పై ఏళ్ళు స్టీరింగు మీద సిగరెట్లు తాగినవాడు. శాలువా కప్పారు. ఆయన పెళ్ళాం కూడా విద్యార్థినుల్లో ఉంది. రోజూ తన దగ్గర చుట్ట అడిగి తాగే మొగుడికి శాలువా ఏమిటని ఆమె మొదటి రోజంతా గొణుగుతూనే ఉంది.

"గుర్తుంచుకోండి," అన్నాడు చక్రధరరావు, బల్ల మీద కర్రతో కొట్టి. "మండే కొన సమాజం వైపు. తాగే కొన వ్యక్తి వైపు. సమాజం, వ్యక్తి. అందరూ అనండి."

"సమాజం, వ్యక్తి," అన్నారు యాభై ఎనిమిది మంది.

చెప్పినంత సులువుగా చెయ్యడం కుదరలేదు. బయట నిప్పు పెట్టుకుని అసిరమ్మ గాఢంగా పీల్చేసరికి చుట్ట భగ్గున మండి ముక్కు కొస చురుక్కుమంది. "ఇదేటి తాగడం బాబూ, ముక్కు కింద కుంపటెట్టుకుని! నుసంతా సీర మీదే పడిపోతన్నాది. ఎర్రన్న బావు ఇన్నాళ్ళూ ఎలగ తాగినాడో పాపం," అంది.

"ప్యాంటు తొడుక్కుని తాగినానే మరదలా," అన్నాడు ఎర్రన్న.

కొందరు పొగ కళ్ళలోకి పోయి ఏడ్చారు. కొందరు మాట్లాడుతూ మాట్లాడుతూ మరిచిపోయి చుట్ట తిప్పేసుకునేవాళ్ళు. అలా తిప్పినవాళ్ళని చక్రధరరావు బెంచీ ఎక్కించేవాడు. మధ్యాహ్నానికి గదిలో ఎవరికి ఎవరూ కనిపించడం లేదు. బ్యానరు పసుపు రంగుకి తిరిగింది.

ఆ పొగలో కిటికీ పక్కన మామ్మ కూర్చుంది. చేతిలో వెలిగించని చుట్ట పెట్టారు. ఆమె దాన్ని బతికున్న చేపని పట్టుకున్నట్టు పట్టుకుంది. బుగ్గలో చింతపిక్క అటూ ఇటూ తిరుగుతోంది. రెండో చేత్తో ఢిల్లేశ్వరి మణికట్టు పట్టుకుని, గోళ్ళు దిగేలా నొక్కుతోంది.

"వాసనకే పేనం లేసొస్తన్నాదే," అంది చెవిలో. "నోటి దాకా వొస్తే నాను ఆగలేనే గుంటా. నాకు తెల్సు నా సంగతి. ఒక్క దమ్మంటే ఒక్క దమ్ముతో అవ్వదు నాకు."

ఢిల్లేశ్వరి ఆ చుట్టని మెల్లిగా తీసుకుని తన పుస్తకాల సంచిలో పెట్టింది. మూడు రోజులూ అదే చేసింది. మూడో రోజుకి సామాన్యశాస్త్రం పుస్తకం తెరిస్తే పొగాకు ఆరబెట్టే బేరన్ దగ్గర కూర్చున్నట్టుండేది.

శిబిరం బ్రహ్మాండంగా జయప్రదమైంది. ఇన్నాళ్ళూ నోట్లో దాగిన పొగ వీధుల్లోకి వచ్చింది. మామగార్లు ఇళ్ళల్లోంచి బయటకి రావడం తగ్గించారు. అసలు చుట్టే ముట్టని ఇద్దరు కొత్త కోడళ్ళు, ఎవరైనా తప్పినా లక్ష్యానికి లోటు రాకుండా ఉంటుందని కూర్చోబెడితే, తరగతిలో మొదటి రెండు ర్యాంకులూ తెచ్చుకున్నారు. అసిరమ్మకి 'ఉత్తమ ధూమపాని' అని గాజు ఫలకం ఇచ్చారు. ఆమె దాన్ని దేవుడి పటాల మధ్య పెట్టింది.

ఇంటింటి నమోదు ఆ తరవాతి వారం. మామ్మకి అది ముప్పై నాలుగో రోజు. పదిహేనో తారీకుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

ఈలోగా ఢిల్లేశ్వరి చేసిన పని ఒకటుంది. జీపువాళ్ళు మరిచిపోయి వెళ్ళిన ఉత్తర్వు ప్రతిని, పరీక్షకి చదివినట్టు చదివింది. నమోదుకి మూడు రుజువులు కావాలి. ఒకటి, ఊదుడు యంత్రంలో ఊదితే లోపల పొగ ఉన్నట్టు చూపించాలి. రెండు, మండుతున్న కొస బయటకి కనిపిస్తున్న ఫొటో. మూడు, నోటి నుండి పొగ వెలువడుచున్న స్థితిలో ఫొటో. పొగాకు పీల్చాలని మాత్రం ఎక్కడా లేదు. ఆ పిల్ల రెండు రాత్రులు ఆలోచించి, మూడో నాటి పొద్దున్న అమ్మనీ మామ్మనీ కూర్చోబెట్టి, గోడకి చెబుతున్నట్టు చెప్పింది.

"మామ్మ పొయ్యి ఊదాలి. పచ్చి సరుగుడు కర్రలు పెట్టి గంట సేపు ఊదితే యంత్రానికి ఆ పొగ చాలు. రెండోదానికి, చుట్ట లోపల అగరొత్తి గుచ్చుతాను. కొస ఎర్రగా కనిపిస్తాది, పీల్చక్కర్లేదు. మూడోదానికి... తెల్లారగట్ల చలి ఉన్నాది కదా. మరిగే టీ తాగి నోరు తెరిస్తే ఆవిరొస్తాది. ఫొటోలో ఆవిరికీ పొగకీ తేడా తెల్దు."

నీలమ్మ కూతుర్ని కొత్తగా చూసింది. "ఇదంతా సదువులో సెప్పినారేటే?"

"సెప్పలేదు," అంది ఢిల్లేశ్వరి, తప్పు చేసినట్టు.

మామ్మ మాత్రం పిల్ల తల పట్టుకుని ఊపింది. "నా తల్లే! వోళ్ళ మాటా నిలుస్తాది, నా నోరూ నిలుస్తాది."

ఉదయం ఆరింటికి వస్తామన్నారు. నాలుగింటికే లేచారు. అత్తా కోడలూ పోటీ పడి పొయ్యి ఊదారు. అగరొత్తి గుచ్చిన చుట్ట సిద్ధమైంది. ఆరయ్యేసరికి మామ్మ రెండు గ్లాసుల టీ తాగి, వాకిట్లో నిలబడి, "హా" అని నోరు తెరిచి చూపించింది. తెల్లగా, దట్టంగా, చూడముచ్చటగా ఆవిరి వచ్చింది. ఏడింటికి ఇంకో గ్లాసు తాగింది. ఎనిమిదింటికి ఆవిరి కాస్త పలచబడింది. తొమ్మిదింటికి ఎండ వాకిట్లోకి దిగింది. టీ గ్లాసులు ఐదయ్యాయి. మామ్మ మూడుసార్లు దొడ్లోకి వెళ్ళొచ్చింది.

చక్రధరరావు పన్నెండుంబావుకి దిగాడు, చెమట తుడుచుకుంటూ.

"ఆరింటికన్నారు కదా బాబూ," అంది నీలమ్మ.

"క్షేత్రస్థాయి కార్యక్రమాల్లో ఆరు అనేది ఒక సూచన," అన్నాడాయన.

ఊదుడు యంత్రం మామ్మ నోటికి పెట్టారు. ఊదింది. ఎర్రదీపం వెలిగింది. డబ్బా వెనక ఢిల్లేశ్వరి ఊపిరి వదిలింది. ఇంట్లో పెద్దవాళ్ళందరినీ పరీక్షించాలన్నది నియమం కాబట్టి నీలమ్మ చేత కూడా ఊదించారు. ఎర్రదీపంతో పాటు యంత్రం కూత కూడా పెట్టింది.

"తీవ్ర స్థాయి!" అన్నాడు చక్రధరరావు, ఎంతో ఆప్యాయంగా. "ఇన్నాళ్ళూ తమరు మా దృష్టికి రాలేదేమ్మా?"

"నాను తాగను బాబూ! జన్మలో తాగలేదు. పొయ్యి ఊదినాను."

"నిరాకరణ. ఇది మొదటి దశ. అందరూ ఇలాగే ఏదో ఒకటి ఊదామంటారు. దమయంతీ, ఈవిడ పేరు రెండో విడత శిక్షణకు రాసుకో."

రెండో రుజువు కూడా గట్టెక్కింది. మామ్మ అగరొత్తి చుట్టని పెదాల మధ్య పెట్టుకుంది. కొస ఎర్రగా మెరిసింది. "నిప్పు కనిపించుచున్నది," అంది ఫోను. చక్రధరరావు ముక్కు ఎగబీల్చి, "మల్లెపూల వాసన వస్తోందే," అన్నాడు. "పూజ సేసుకున్నాం బాబూ," అంది నీలమ్మ.

మూడోది మిగిలింది. మామ్మ వాకిట్లో ఎండలో నిలబడి నోరు తెరిచింది. "హా" అంది. ఏమీ రాలేదు. నీలమ్మ పరుగున మరిగే టీ తెచ్చింది. మామ్మ గటగటా తాగి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ "హా" అంది. పన్నెండున్నర ఎండలో ఆవిరి ఎక్కడ కనిపిస్తుంది?

"నోటి నుండి పొగ వెలువడుట లేదు," అంది ఫోను.

"పీల్చండమ్మా. పీలిస్తే కదా వెలువడేది," అన్నాడు చక్రధరరావు. "ఇంకా ఇరవై ఇళ్ళున్నాయి నాకు."

అప్పుడు ఢిల్లేశ్వరి డబ్బా వెనక నుంచి బయటకి వచ్చింది. ఆమె రావడం చూసి గడప మీద కూర్చున్న అసిరమ్మ లేచి నిలబడింది, ఏదో జరగబోతోందని.

"సార్," అంది. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అంది. "సార్, మా మామ్మ తాగి ముప్పై నాలుగు రోజులయింది. మీ పథకం మానిపించడానికే కదండీ. ఆవిడ మానేసింది. ఇదిగో, రోజూ రాశాను." పుస్తకం ముందుకు చాపింది. "ఇప్పుడు ఒక్కసారి తాగినా మళ్ళీ మొదటికొస్తాదండీ. ఆవిడే చెప్పింది. కార్డు ఇచ్చీండి సార్. పరీక్ష అవ్వాలి. ఆ మచ్చ ఏటో మాకు తెలియాలి."

చక్రధరరావు నిజంగానే పుస్తకం తీసుకుని చదివాడు. చెడ్డవాడు కాదు. నాలుగు పేజీలు తిప్పాడు.

"అమ్మాయీ, మానేయడం వేరు, మానిపించబడటం వేరు," అన్నాడు ఓపికగా. "మానేసినవాళ్ళు ఏ రిజిస్టరులోనూ కనబడరు. వాళ్ళు అసలు తాగనివాళ్ళతో కలిసిపోతారు. మానిపించబడినవాళ్ళే మాకు కనబడతారు. ఇక ఈ పుస్తకం అంటావా, నిర్ణీత నమూనాలో లేదు. అధికారి సంతకం లేదు. సాక్షిగా ఉన్నది ఒక కోడి. దాని వాంగ్మూలం కూడా లేదు."

"ఆవిడ నోరు చూడండి సార్. డాక్టరు మాదిరి కాదు, మనిషి మాదిరి చూడండి."

"నేను చూడటానికి వీల్లేదమ్మా. యాప్ చూడాలి," అన్నాడాయన. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం పిల్ల మొహం వైపు చూడలేదు.

దమయంతి ఫోను దించి చెప్పు కొసతో ఇసుక గీస్తోంది.

"ఒగ్గీయే గుంటా," అంది మామ్మ. చింతపిక్క అరచేతిలోకి ఉమ్మి పారేసింది. "అసిరీ, ఓ సుట్టియ్యే."

"వొద్దు మామ్మా."

"మచ్చ సంగతి తేలొద్దేటే? తేలకుండా ముప్పై రోజులుంటే ఏటి, మూడొందల రోజులుంటే ఏటి. ఒక్క దమ్మే. ఫటోకి."

అసిరమ్మ తన నడుములోంచి చుట్ట తీసిచ్చింది, కళ్ళు దించుకుని. మామ్మ అగ్గిపుల్ల గీసింది. నేర్పినట్టే, మండే కొస సమాజం వైపు పెట్టి పీల్చింది. దగ్గు వచ్చింది. దగ్గుతో పాటు నీలంగా, గుండ్రంగా పొగ వచ్చింది.

"పొగ వెలువడుచున్నది. నమోదు పూర్తయినది," అంది ఫోను.

చక్రధరరావు సంచిలోంచి కార్డు తీసి, పేరు రాసి, ముద్ర వేసి, రెండు చేతులతో అందించాడు. మామ్మ అందుకుని కళ్ళకద్దుకుంది. కార్డు మీద నవ్వుతున్న ఊపిరితిత్తుల బొమ్మ ఉంది.

"పదిహేనో తారీకున వ్యాను వస్తుంది. పొద్దున్న ఆరింటికి," అన్నాడు.

"మరింక ఒగ్గీయొచ్చా బాబూ?"

"ఇప్పుడా?" చక్రధరరావు ఉలిక్కిపడ్డాడు. "విరమణ దశ ఏప్రిల్ ఒకటిన మొదలవుతుందమ్మా, కొత్త బడ్జెట్ వచ్చాక. ఈ సంవత్సరానికి నమోదు దశ ఒక్కటే మంజూరైంది. అప్పటివరకు లబ్ధిదారులు యథాస్థితిని కొనసాగించాలి. పదిహేను రోజులకోసారి వచ్చి ఊదిస్తాం. మధ్యలో మానేసినట్టు తేలితే కార్డు రద్దవుతుంది."

"పెద్దాసుపత్రిలో మానెయ్యమంటారేమో కదా సార్?" అంది దమయంతి.

"అంటారు. డాక్టర్లకి నిబంధనలు తెలియవు. ఏప్రిల్ దాకా మీరు వినకూడదు, అంతే," అని మామ్మకి నమస్కారం పెట్టి జీపెక్కాడు.

జీపు లేపిన ఇసుక సర్దుకుంది. నీలమ్మ కార్డు తీసుకుని బొట్టుపెట్టెలో దాచడానికి వెళ్ళింది. అసిరమ్మ పని ఉన్నట్టు తన ఇంటికి పోయింది. మామ్మ నట్టింట్లోకి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. చేతిలో చుట్ట ఇంకా కాలుతోంది. వేలెడు పొడుగు మిగిలింది.

ఢిల్లేశ్వరి చెయ్యి చాపింది. "ఇటియ్యి మామ్మా. వొక్కటే అన్నావు. అయిపోనాది. ఇచ్చీ."

"ఇస్తానే," అంది మామ్మ. "ఇచ్చీస్తాను."

ఇవ్వలేదు. చుట్ట వైపు చూస్తోంది. జారిన పైట సర్దుకున్నంత మామూలుగా, తను ఏం చేస్తున్నదీ తనకే పట్టనట్టుగా, వేళ్ళతో కొస తిప్పింది. నిప్పు లోపలికి పోయింది. పెదాలు మూసుకున్నాయి. కళ్ళు కూడా మూసుకున్నాయి. ముప్పై నాలుగు రోజులుగా ముడిపడి ఉన్న నుదురు ఒక్కొక్క గీతే విప్పుకుంది. ఎన్నాళ్ళకో ఇంటికొచ్చిన మనిషి మొహంలా ఉంది ఆ మొహం. చూడటానికి అంత బాగుండటమే ఢిల్లేశ్వరికి భరించరానిదయింది.

"మామ్మా!"

మామ్మ కళ్ళు తెరిచింది. పిల్లని చూసింది. సిగ్గు మొహమంతా పాకింది. గబుక్కున లేచి, పట్టుబడిన చిన్నపిల్లలా వెనకగదిలోకి నడిచింది. ఢిల్లేశ్వరి వెంటపడింది. గడప దగ్గర కొంగు అందింది, పట్టుకుంది.

"తియ్యి మామ్మా. నోట్లోంచి తియ్యి. ఉమ్మీ. నాను రోజూ చింతపిక్కలు వేయించి పెడతాను. వాళ్ళొచ్చినప్పుడు మళ్ళీ పొయ్యి ఊదుదాం. ఇంకేదైనా ఆలోచిస్తాను. ఉమ్మీ మామ్మా."

మామ్మ కొంగుని ఆ పిల్ల వేళ్ళలోంచి ఒక్కొక్క వేలే విప్పి తీసుకుంది. పెదాలు తెరవకుండా, ముక్కులోంచి పొగ వస్తుండగా, "ఎల్లమ్మా, సదూకో," అని తలుపు మూసేసింది.